కారణం ప్రహరీ లోపలే ఉండవలెను

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. తూర్పు గుమ్మంలో, సముద్రానికి ఎదురుగా, తాటాకు విసనకర్ర పట్టుకుని నానమ్మ పైడమ్మ. పెరట్లో నెత్తళ్ల చేపలు ఆరబోస్తూ అమ్మ సూరమ్మ. అరుగు మీద చిరిగిన వల ముందేసుకుని నాన్న కూర్మయ్య. వంటగది తలుపు వెనక, కనపడీ కనపడకుండా, పదో తరగతి పాసైన దమయంతి. ముందుగది గోడ మీద ఇనప పెట్టె. పెట్టె కింద కుర్చీలో ఉపసంచాలకులు విరూపాక్షరావు గారు. ఆయన పక్కన, రెండో కుర్చీ మంజూరు కాక నిలబడి, శాస్త్రవేత్త హరిణి మేడమ్. ఇంకా ఒక కోడిపుంజు. పుంజుని కూడా చెప్పడం ఎందుకంటే, సాయంత్రానికి అది లేదు.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. సముద్రం అడుగున ఒక పెద్ద ప్రవాహం ఉంది. మంచు దేశాల దగ్గర నీళ్లు చల్లబడి, బరువెక్కి, అడుక్కి దిగుతాయి. ఆ చీకట్లో నేల పట్టుకుని నడిచి నడిచి, ఎక్కడో పైకి తేలి, మళ్లీ బయల్దేరిన చోటుకి పోతాయి. ఒక్క చుట్టు తిరిగి రావడానికి వందల ఏళ్లు పడుతుంది. ఇంత పెద్ద ప్రవాహం ఇన్నాళ్లూ ఎవరి అజమాయిషీ లేకుండా తిరుగుతోందని తెలిసి ప్రభుత్వం కంగారుపడి, అగాధ ప్రవాహ నిలకడ సంస్థ అని ఒకటి పెట్టింది. సముద్రం అడుగున కొలిచే సాధనాలు దింపారు. వాటి తీగని ఒడ్డుకి లాగారు. ఒడ్డున గట్టి గోడ ఏదా అని వెతికితే, తుఫాను తరవాత కట్టిన కూర్మయ్య శ్లాబు ఇల్లు కనపడింది.

ఒక్క గోడ ఇమ్మని అడిగారు. గోడే కదా అని కూర్మయ్య ఇచ్చాడు. గోడకి పెట్టె వచ్చింది. పెట్టె కింద కుర్చీ వచ్చింది. కుర్చీలోకి విరూపాక్షరావు గారు వచ్చారు. గేటుకి 'పరిశీలన కేంద్రము' అని బోర్డు వచ్చింది. అప్పట్నించి కూర్మయ్య తన ఇంట్లోకి రావాలన్నా చెప్పులు విడిచి, దగ్గి, లోపలికి రావడం అలవాటు చేసుకున్నాడు.

పెట్టెలో ఒక ముల్లు ఉంది. అడుగున నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయో అది చూపిస్తుంది. వందల ఏళ్ల ప్రయాణం కాబట్టి ముల్లు నిలకడగా ఉంటుందని సంస్థవాళ్లు అనుకున్నారు. ముల్లు మాత్రం ఒక వారం ఇటూ, ఒక వారం అటూ ఊగుతోంది. దాని మీదే ఆ రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. విరూపాక్షరావు గారు లేచి నిలబడి చదివారు. ఉత్తర్వుల్ని ఆయన ఎప్పుడూ కూర్చుని చదవరు.

"అగాధ ప్రవాహము యొక్క ప్రయాణ కాలము శతాబ్దములుగా నిర్ణయింపబడి యుండగా, సదరు ప్రవాహము వారం వారం హెచ్చుచు తగ్గుచుండుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడినది. ఇకమీదట ముల్లు కదిలిన ప్రతి సందర్భమునందును, అందుకు కారణమైన దానిని గుర్తించి, పేరు, హోదా, చిరునామాలతో అదే సాయంత్రములోగా నివేదించి, తగు చర్య తీసుకొనవలెను. కారణము ఒక్కటియే యుండవలెను. కారణము కేంద్రము పరిధిలోనే యుండవలెను."

హరిణి మేడమ్ అంతా విని, "కారణం తెలిసిందే కదా సార్," అంది. "గాలి. వందేళ్లలో వచ్చే మార్పుకి చల్లదనం, ఉప్పదనం కారణం కావచ్చు. వారంలో వచ్చే మార్పు చాలావరకు గాలే. గాలి పైనీళ్లని పక్కకి తోస్తుంది. పైన పోయినదానికి సరిపడా అడుగున నీళ్లు ఎదురు నడుస్తాయి."

"గాలి అని నాకు తెలియదా అమ్మా. పైవాళ్లకీ తెలుసు. కానీ గాలి వాతావరణ శాఖది. వాళ్లకి ఎప్పుడో రాశాం. 'మా గాలి సముద్ర మట్టముతో సమాప్తమగును, దాని కింద జరుగు పరిణామములకు మేము బాధ్యులము కాము' అని జవాబిచ్చారు."

"పోనీ, అడుగుకి దిగే చల్లనీళ్లు?"

"అవి దిగేది మంచు ఖండం దగ్గర. విదేశీ వ్యవహారం. మన స్థాయిలో నోరెత్తకూడదు."

"మరి మన పరిధి ఎక్కడిదాకా సార్?"

విరూపాక్షరావు గారు ఉత్తర్వు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివారు. "పరిధి యనగా కేంద్రము యొక్క ప్రహరీ లోపలి స్థలము."

అందరూ ప్రహరీ వైపు చూశారు. నడుమెత్తు గోడ. దాని లోపల ఒక ఇల్లు, ఒక నుయ్యి, ఒక మునగచెట్టు, ఎండుతున్న నెత్తళ్లు, ఒక కుటుంబం. ఉత్తర్వు ప్రకారం సముద్రాన్ని కదుపుతున్నది ఏదైనా సరే, అది ఇక్కడే ఎక్కడో ఉండాలి. సరిగ్గా అప్పుడే పుంజు గోడెక్కి రెక్కలు టపటపలాడించింది.

పెట్టెలో ముల్లు కూడా కదిలింది. బయట తూర్పుగాలి అప్పుడే జోరందుకుంది కాబట్టి అది ఎలాగూ కదిలేదే. కానీ విరూపాక్షరావు గారు ముల్లు వైపు చూశారు, పుంజు వైపు చూశారు, కలం మూత తీశారు.

"పక్షి ప్రేరిత స్వల్పకాలిక చలనము," అని పైకి చదువుకుంటూ రాశారు. పేరు దగ్గర ఆగారు. "దీని పేరేమిటమ్మా?"

"పేరేటి బాబూ. పుంజే," అంది సూరమ్మ.

"హోదా కూడా పుంజే అని రాద్దాం."

తగు చర్య అంటే ఏమిటన్న మీమాంస కాసేపు జరిగింది. చివరికి చర్యలో ఉల్లిపాయలు, అల్లం, గసగసాలు కూడా పడ్డాయి.

"మా పుంజు సముద్రాన్ని ఏటి సేసింది బాబూ," అని సూరమ్మ వడ్డిస్తూ అడిగింది.

"అది ఇంకా పరిశీలనలో ఉందమ్మా. కాస్త పులుసు వెయ్యి," అన్నారు విరూపాక్షరావు గారు. కారణము సమూలముగా తొలగింపబడినది అని నివేదిక పోయింది.

మర్నాడు గాలి పడిపోయింది. ముల్లు కుదురుగా నిలబడింది. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

తరవాత గాలి మళ్లీ లేచింది. ముల్లు మళ్లీ ఊగింది. ఈసారి సూరమ్మ వాకిలి ఊడవడం కారణమని తేలింది. ఊడవడం మానేశారు. ఆ పైన కూర్మయ్య వల దులపడం. వలని దులపకుండా, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తీసుకుపోయి ప్రహరీ అవతల దించమన్నారు. ఊళ్లోవాళ్లు అరుగుల మీంచి చూసి, "ఏటి కూర్మయ్యా, వలకి జొరమొచ్చిందేటి," అని అడిగేవారు. కూర్మయ్య వల జారకుండా పట్టుకుని ముందుకి నడిచేవాడు.

ఇవన్నీ దమయంతి వంటగది తలుపు వెనకనుంచి వింటూ ఉండేది. ఆ పిల్లకి మాట తక్కువ. బళ్లో హాజరు పిలిస్తే ఎంత మెల్లగా పలికేదంటే, ఎదురుగా కూర్చునున్నా మాస్టారు చాలాసార్లు రాలేదని వేసుకున్నారు. ఇంట్లో ఆమె గట్టిగా మాట్లాడేది నానమ్మతోనే. నానమ్మకి చెవుడు లేదు, ఆయాసం ఉంది. తూర్పు గుమ్మంలో కూర్చుంటేనే ఆమెకి ఊపిరాడుతుంది. గాలి లేనప్పుడు విసనకర్ర తిప్పుకుంటుంది. చెయ్యి అలిసిపోతే దమయంతి అందుకుంటుంది. అందుకని ఇద్దరూ ఒకే చాప మీద, ఆ గుమ్మం దగ్గరే పడుకునేవారు.

"ఒలే గుంటా, కాస్త ఇసురు," అంటే చాలు, నిద్రలోనే దమయంతి చెయ్యి ఆడేది.

వల మీద చర్య తీసుకున్నాక హరిణి మేడమ్‌కి ఓపిక పోయింది. ఒకరోజు పొద్దున్న సూరమ్మ బియ్యం కడుగుతూంటే ఆమె వచ్చి, "ఆ నీళ్లు పారబొయ్యకండి, నాకు కావాలి," అని అడిగి తీసుకుంది. వెడల్పు బేసిన్‌లో పోసి ముందుగదిలో పెట్టింది. తవుడూ నూకలూ మెల్లగా అడుక్కి దిగాయి. నీళ్లు తేరుకున్నాక, "మామ్మా, మీ విసనకర్ర ఒక్కసారి ఇస్తారా," అంది.

నానమ్మ ఇచ్చింది.

"చూడండి సార్. ఇది సముద్రం. నేను పైన మాత్రమే విసురుతున్నాను. నీళ్లలో చెయ్యి పెట్టడం లేదు." విసనకర్ర ఆడింది. పైన నురగ ఆ అంచుకి పోయి చేరింది. అడుగున తవుడు మాత్రం ఎదురు దిక్కున, ఈ అంచు వైపు పాకడం మొదలుపెట్టింది. దమయంతి తనకి తెలియకుండానే తలుపు వెనకనుంచి బయటికి వచ్చి వంగి చూసింది. పైనీళ్లు అటు పోతుంటే అడుగునీళ్లు ఇటు రావడం ఆమెకి చాలా నచ్చింది.

"చూశారు కదా. పైన ఏది ఆడితే అడుగున దానికి జవాబు వస్తుంది. విసరడం ఆపితే అడుగున కూడా ఆగిపోతుంది," అంది హరిణి మేడమ్.

విరూపాక్షరావు గారు చాలాసేపు బేసిన్‌నే చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత గొప్ప నిరూపణ ఇన్నాళ్లూ ఎందుకమ్మా దాచావు?"

"అయితే గాలి అని ఒప్పుకుంటున్నారా సార్?"

"గాలి ఎక్కడుందమ్మా ఇక్కడ. విసనకర్ర. కళ్ల ముందు నువ్వే కదిపి చూపించావు, ఆపి చూపించావు. పైగా ప్రహరీ లోపలి విసనకర్ర."

"సార్, అది ఉదాహరణ."

"ఉదాహరణ కూడా ప్రహరీ లోపలే జరిగింది కదా."

సాయంత్రానికి విసనకర్రని స్వాధీనం చేసుకున్నారు. గాజు పెట్టెలో పెట్టి, లక్కతో ముద్ర వేసి, ఇనప పెట్టె పక్కనే గోడకి బిగించారు. నానమ్మ కిందనుంచి దాన్ని చూసి, "మా తాటాకుకి ఎంత యోగం," అంది. కాసేపటికి ఆయాసం వచ్చింది. దమయంతి పరీక్ష అట్ట తెచ్చి విసిరింది. అట్టకి విసనకర్ర ఒడుపు రాదు. గాలి చెవుల పక్కనుంచి పోతుంది కానీ ముక్కుకి అందదు.

రుతువు మారే రోజులు. తూర్పుగాలి ఆగి, పడమటిగాలి ఇంకా లేవని సందు. ముల్లు అతికించినట్టు నిలబడింది.

దీంతో సంస్థ అంతా పండగ చేసుకుంది. తీరం పొడుగునా ఉన్న కేంద్రాలన్నిటికీ, తమ తమ ప్రహరీల్లో ఉన్న విసనకర్రల్ని గుర్తించమని ఆదేశాలు పోయాయి. ప్రధాన కార్యాలయంలో ఫ్యాన్లు ఆపేసి, నిలకడ మహాసముద్రముల వద్ద కాదు, మన బల్ల వద్ద మొదలగును అని గోడల మీద రాయించారు. 'విసనకర్ర: మహాసముద్రములపై దాని ప్రభావము' అన్న విషయం మీద పెద్ద సదస్సు జరిగింది. అది ఏసీ హాల్లో జరిగింది. ఏసీ విసనకర్ర నిర్వచనంలోకి రాదని ముందే వివరణ తెప్పించుకున్నారు. ఎక్కడినుంచో ఇద్దరు తెల్లవాళ్లు వచ్చి గాజు పెట్టెకి ఫొటోలు తీసుకున్నారు. వాళ్లలో ఒకాయన చెమట పట్టి టోపీతో విసురుకోబోతే విరూపాక్షరావు గారు వినయంగా చెయ్యి పట్టుకున్నారు.

పడమటిగాలి లేచింది.

అది లేచిన రోజు ఇసుక వచ్చి గిన్నెల్లో పడింది. ముల్లు ఇంతకుముందు ఎన్నడూ లేనంత ఊగింది. విసనకర్ర గాజు పెట్టెలో, ముద్ర చెక్కు చెదరకుండా ఉంది. పైనుంచి విచారణ సంఘం దిగింది. సంఘానికి అధ్యక్షులు త్రివిక్రమశర్మ గారు. బట్టతల, మెత్తని గొంతు. కుర్చీ ఆయనకి ఇచ్చి విరూపాక్షరావు గారు హరిణి మేడమ్ పక్కన నిలబడ్డారు.

"విసనకర్ర జడపదార్థం," అన్నారు అధ్యక్షులవారు. "జడానికి సంకల్పం ఉండదు. మీ నివేదికలో లోపం అది. ఒక విషయం గుర్తుపెట్టుకోండి విరూపాక్షరావు గారూ. కారణానికి హోదా ఎంత పెద్దదైతే నివేదికకి అంత బలం. పుంజు, తాటాకు, ఇవేం హోదాలు? ఆ విసనకర్రని ఊపిన చెయ్యి ఎవరిదో పిలవండి."

నానమ్మని చెయ్యి పట్టుకుని దమయంతి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"పేరు?"

"పైడమ్మ."

"హోదా?"

"ముసిల్దాన్ని."

"సముద్రాన్ని ఎంతకాలంగా కదుపుతున్నారు?"

"నా మోకాళ్లే కదలవు నాయనా. దాన్నెక్కడ కదుపుతాను."

"విసనకర్ర ఊపారా, లేదా?"

"ఊపాను. ఊపిరాడక ఊపాను."

అధ్యక్షులవారు పక్కకి తిరిగి, "ఊపిరి అన్నారు. అది కూడా రాసుకోండి," అన్నారు. "విసనకర్ర పోయినా ఊపిరి మిగిలి ఉంది. అందుకే ముల్లు ఊగుతోంది. మీరు పనిముట్టుని పట్టుకుని మనిషిని వదిలేశారు."

ఆ మధ్యాహ్నమే నిర్ణయం అయిపోయింది. పైడమ్మ, వృద్ధురాలు, అగాధ ప్రవాహమునకు తాత్కాలిక చోదకశక్తిగా గుర్తింపబడినది. చోదకశక్తి కేంద్రంలో ఉండకూడదు కాబట్టి ఆమెని సముద్రతీరము లేని జిల్లాలోని వృద్ధాశ్రమానికి తరలించాలి. మర్నాడు పొద్దున్న జీపు వస్తుంది.

కూర్మయ్య జీవితంలో మొదటిసారి దగ్గకుండా ముందుగదిలోకి వచ్చాడు. "మాయమ్మని నాను ఎక్కడికీ పంపను."

"ఆవిడ ఇప్పుడు మీ అమ్మ కాదు కూర్మయ్యా, చోదకశక్తి," అన్నారు విరూపాక్షరావు గారు అనునయంగా. "శక్తులు కుటుంబాల కిందికి రావు."

"సముద్రం లేని ఊళ్లో అది రెండు రోజులు బతకదు బాబూ," అంది సూరమ్మ. "ఈ గుమ్మం గాలికే దాని ఊపిరి ఆడతాది."

"చూశారా, గాలికీ ఆవిడకీ సంబంధం ఉందని వీళ్లే ఒప్పుకుంటున్నారు," అన్నారు అధ్యక్షులవారు.

ఆ సాయంత్రం సూరమ్మ అత్తగారి చీరలు మడత పెట్టింది. నానమ్మ గుమ్మంలో కూర్చుని, దొరికినంతసేపు గాలి పీల్చుకుంటున్నట్టు పెద్దగా పీల్చింది. దమయంతి ఆమె పక్కన కూర్చుని అట్టతో విసురుతూ ఉంది. ఈ చాప మీద రేపు తనొక్కతే పడుకోవాలి. వృద్ధాశ్రమంలో ఎవరు విసురుతారు, ఎవరికి ఆ ఒడుపు తెలుస్తుంది, అనుకుంది. తలుపు వెనకనుంచి ఇన్నాళ్లూ విన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. లేచి, మునగచెట్టు కింద ఒంటరిగా నిలబడ్డ హరిణి మేడమ్ దగ్గరికి వెళ్లింది. ఆమెతో మాట్లాడడం అదే మొదటిసారి.

"మేడమ్, కారణం ఒక్కటే ఉండాలా?"

హరిణి మేడమ్‌కి సగమే వినపడింది. మళ్లీ అడిగించుకుంది. "ఒక్కటే. రెండు కారణాలుంటే రెండు శాఖలు కావాలంటారు. ఎందుకమ్మా?"

దమయంతి తల ఊపి నానమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు జీపు వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే గాలి కూడా ఆ పొద్దున్న కాస్త ఊపిరి తీసుకుంటోంది. ముల్లు కదలకుండా ఉంది. చోదకశక్తి బయల్దేరుతున్నది గనక ప్రవాహం ముందే సర్దుకుంటోందని అధ్యక్షులవారు వివరించారు. సూరమ్మ మూట తెచ్చింది. కూర్మయ్య గేటు దగ్గర జీపుకి అడ్డంగా కూర్చున్నాడు.

దమయంతి వంటగది తలుపు వెనకనుంచి ముందుగది మధ్యకి వచ్చింది.

"తలుపు తీసేది నేను," అంది.

ఎవరికీ వినపడలేదు. అధ్యక్షులవారు విరూపాక్షరావు గారితో మాట్లాడుతూనే ఉన్నారు. దమయంతి గొంతు సవరించుకుంది. బళ్లో మాస్టారికి ఎన్నడూ వినపడనంత గట్టిగా, "తూర్పు తలుపు రోజూ తీసేది నేనండీ," అంది. "నానమ్మ కాదు. నానమ్మకి గడియ అందదు. పొద్దున్నే తీసేదీ నేనే, మాపటేళ వేసేదీ నేనే. విసనకర్ర ఎంత ఉందో చూడండి. తలుపు ఎంత ఉందో చూడండి."

అందరూ విసనకర్ర చూశారు. తలుపు చూశారు. రెండు రెక్కల తలుపు, తుఫానుకి ఆగేలా చేయించినది.

"మేడమ్," అన్నారు అధ్యక్షులవారు. "వైశాల్యం దృష్ట్యా?"

హరిణి మేడమ్ దమయంతి మొహం చూసింది. ముందురోజు చెట్టుకింద అడిగిన ప్రశ్న ఆమెకి అప్పుడు అర్థమైంది.

"వైశాల్యం దృష్ట్యా తలుపుతో విసనకర్రకి పోలికే లేదు సార్," అంది. అధ్యక్షులవారు తల ఊపారు. ఆ ఇంట్లో ఆమె మాటని ఒప్పుకోవడం అదే మొదలు.

"పేరు?"

"దమయంతి."

"హోదా?"

"పదో తరగతి పాస్," అంది.

సంఘం మొత్తానికి ప్రాణం లేచొచ్చింది. వయసులో ఉన్న కారణం. సంతకం చెయ్యగలదు. కాగితం ఇస్తే చదువుకోగలదు. తనంతట తనే ఒప్పుకుంది. విరూపాక్షరావు గారు ఎక్కడినుంచో రెండో కుర్చీ తెచ్చారు. హరిణి మేడమ్ దాని వైపు ఒకడుగు వేసింది. అది దమయంతికి వేశారు.

"కూర్చోండి కారణం గారూ," అన్నారు. నిన్నటిదాకా ఆయన ఆమెని, 'ఏయ్, మంచినీళ్లు' అని తప్ప పిలవలేదు.

"మా నానమ్మ విసనకర్ర ఇచ్చేస్తారా?" అంది దమయంతి, కూర్చోకుండా.

"కారణం ఒక్కటే ఉండాలి గనక మిగిలినవన్నీ నిర్దోషులు," అన్నారు అధ్యక్షులవారు. ముద్ర పగలగొట్టారు. విసనకర్ర నానమ్మ చేతికి వచ్చింది. జీపుని వెనక్కి తిప్పారు. గేటు దగ్గర కూర్మయ్య మాత్రం ఇంకా నమ్మకం లేక అలాగే కూర్చున్నాడు.

ఒక్క లాంఛనం మిగిలింది. కారణం తన సంజాయిషీ రాసివ్వాలి. దమయంతి తలవంచుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. అబద్ధం రాయడం ఆ పిల్లకి రాదు. అయ్యా, నేను తలుపు తీస్తాను, గాలి వస్తుంది, ఆ గాలి సముద్రం మీద కూడా వీస్తుంది, పైనీళ్లు అటు పోతే అడుగునీళ్లు ఇటు వస్తాయి, బేసిన్‌లో చూశాను, అని రాసి సంతకం చేసింది.

హరిణి మేడమ్ అది భుజం మీదుగా చదివి చాలాసేపటికి నవ్వింది. "సార్, మన ఫైల్లోకి మొదటిసారి గాలి వచ్చింది."

అధ్యక్షులవారు కూడా చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పక్కనున్నాయనకి చెప్పి రాయించారు. "కారణము తన నేరమును గాలిపైకి నెట్టుటకు ప్రయత్నించినది. సంజాయిషీ అసంతృప్తికరము. ఇట్టి కుంటిసాకులు భవిష్యత్తులో ఎవరు చెప్పినను అంగీకరింపబడవు."

హరిణి మేడమ్ నవ్వు ఆగిపోయింది.

చర్య ఇది. కారణము ప్రహరీ వెలుపల నివసించవలెను. కారణము కనుచూపు మేరలో ఉన్నంతసేపు తూర్పు తలుపు మూసి యుంచవలెను. కారణము కనపడనప్పుడు ఎవరైనను తెరచుకొనవచ్చును.

"పిన్ని ఇంట్లో ఉంటాను," అంది దమయంతి. పిన్ని ఇల్లు గోడ అవతలే. సముద్రానికి ఈ ఇంటికంటే దగ్గర కూడా. కానీ అది ప్రహరీ లోపల లేదు కాబట్టి అక్కడ ఎన్ని తలుపులు తీసినా మహాసముద్రాలకి ఏమీ కాదు.

సూరమ్మ అత్తగారి చీరల మూట విప్పి, అదే గుడ్డలో కూతురి బట్టలు కట్టింది. దమయంతి మూట చంకన పెట్టుకుని తూర్పు గుమ్మం దాటింది. గుమ్మంలో నానమ్మ విసనకర్రతో కూర్చుని ఉంది.

"ఒలే గుంటా, అక్కడ నీకు చాపుందేటి?"

"ఉందే."

"రోజూ వస్తావేటి?"

"నేను కనపడితే తలుపేసేస్తారు నానమ్మా. నీకు ఊపిరాడదు."

నానమ్మ ఆలోచించింది. "మరైతే కనపడకుండా గోడ పక్కన కూకో. నాను ఇక్కడినుంచి మాటాడతాను." అని, విసనకర్రని తనవైపు కాక బయటికి తిప్పి, ఎండలో నిలబడ్డ మనవరాలికి నాలుగైదు సార్లు విసిరింది. ఆ చిన్న గాలికి దమయంతి నుదుటి మీది వెంట్రుకలు లేచి పడ్డాయి. ఆమె కదల్లేదు.

లోపల అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. ముల్లు నిలకడగా ఉన్న స్థితిలో నివేదిక ముగించి సంతకం పెట్టాలని ఆయన కోరిక. "విరూపాక్షరావు గారూ, కారణం ఇంకా కనపడుతోంది. తలుపు."

"పైడమ్మా, కాస్త లోపలికి జరగమ్మా."

నానమ్మ జరగలేదు, విసురుతూనే ఉంది. సూరమ్మ వచ్చి ఆమెని మెల్లగా లోపలికి లాక్కుంది. విరూపాక్షరావు గారు గుమ్మం దగ్గరికి వచ్చారు. దమయంతి వైపు చూసి, మర్యాదగా తల వంచి, "సెలవు కారణం గారూ," అన్నారు. అప్పుడే వెనకనుంచి పడమటిగాలి మళ్లీ లేచి, ఇల్లంతా దాటి వచ్చి ఆయన చేతుల్లోంచి రెండు రెక్కల్నీ లాక్కోబోయింది. ఆయన ఉన్న బలమంతా పెట్టి గుంజారు. తలుపు దమయంతి మొహం మీద ధడేలుమని మూసుకుంది. గోడలు అదిరాయి.

తరవాత తలుపు అవతలనుంచి అధ్యక్షులవారి మెత్తని గొంతు వినపడింది.

"ముల్లు ఊగింది. ఆ తలుపు వేసిందెవరు?"

ఇంకొంచెం ఆగి, "హోదా?" అని వినపడింది.